మంత్రించిన బియ్యం

పాబ్నాలో లాహిరీల ఇంట్లో రెండు వంటిళ్ళుండేవి. పెద్దది అందరిదీ. అందులో చేపలు వేగేవి, కోడళ్ళు పోట్లాడుకునేవారు, పనిమనుషులు పొయ్యి దగ్గర కూర్చుని ఊరి కబుర్లు చెప్పుకునేవారు. రెండోది పెరటి వైపు ఉన్న చిన్న గది. దాని గడప దాటే హక్కు ఇంటి మొత్తానికి ఒక్క మనిషికే ఉంది. ఆవిడ జగత్తారిణి, ఇంటి యజమాని హరకాంత లాహిరికి అక్క. తొమ్మిదో ఏట విధవై పుట్టింటికి తిరిగొచ్చి, యాభై రెండో ఏట కూడా అక్కడే ఉంది. తమ్ముడు దిదీ అంటాడు, అంటే అక్కా అని. మిగతా ఇంటిల్లిపాదీ ఆవిణ్ణి పిశీమా అంటారు, అంటే మేనత్త అని.

పిశీమాకి మడి పిచ్చి అని వీధంతా చెప్పుకునేవారు. గాలికి కోడలి కొంగు తగిలినా మళ్ళీ స్నానం చేసేది. పిల్లి గడప మీద కూర్చుంటే గదంతా కడిగేది. పెద్దకోడలు వెనకాల మూతి తిప్పుతూ, "దేవుడే వచ్చి కాస్త ఉప్పు పెట్టమన్నా స్నానం చేసి రమ్మంటుంది" అనేది. ఆ పిచ్చిని జగత్తారిణి ఇరవయ్యేళ్ళుగా కష్టపడి పెంచి పెద్ద చేసింది. ఎందుకంటే ఆ చిన్న గదిలో, వడియాల కుండలో, వడియాల కింద పరిచిన అరిటాకు కింద, ఆవిడ రాసుకున్న కాగితాలుండేవి.

చదువు ఆవిడకి ఎవరూ నేర్పలేదు. తమ్ముడికి ఏడో ఏట పంతులు అక్షరాలు దిద్దిస్తుంటే, కొంచెం ఎడంగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. తమ్ముడికి ఆ అక్షరాలు పట్టుబడ్డానికి మూడు నెలలు పట్టింది. ఆవిడకి నెలన్నర చాలింది. ఆడది చదువుకుంటే మొగుడు పోతాడని ఊరంతా భయపడి చచ్చేవారు. తనకైతే పోవాల్సినవాడు ముందే పోయాడు, ఇంకా భయమెందుకనుకుంది తొమ్మిదేళ్ళ జగత్తారిణి. సిరా తనే కాచుకునేది, కరక్కాయతో, మసితో, మాడ్చిన బియ్యంతో. విధవకి తాంబూలం పనికిరాదు కాబట్టి ఎప్పుడూ బుగ్గన కరక్కాయ ముక్క ఉండేది. అవి కొట్టే వేళ్ళు నల్లబడితే ఎవరూ ఎందుకని అడగలేదు.

రాసినవాటిలో ఒకటి ఆ యేడు కలకత్తాలో ఒక పత్రికకి చేరింది. మంగలి పాంచీ నెలకోసారి ఆడవాళ్ళ గోళ్ళు తీసి, ముత్తైదువలకి పాదాలకి పారాణి దిద్దడానికి వస్తుంది. తన బుట్టలో, పారాణి సీసా కింద, ఆ కాగితాలు పెట్టుకుని వెళ్ళి టపాలో వేసింది. వ్యాసం పేరు 'ఏకాదశి'. కింద పేరు లేదు, 'పాబ్నా నుంచి ఒక స్త్రీ' అని మాత్రమే ఉంది.

ఏకాదశి నాడు విధవ నిర్జలంగా ఉండాలి. అన్నం సరే, నీటిచుక్క కూడా గొంతు దిగకూడదు. జగత్తారిణికి అది నలభై ఏళ్ళ అలవాటు. కానీ రెండేళ్ళ కిందట ఆ ఇంట్లో ఇంకో విధవ తయారైంది. హరకాంత ఆఖరి కూతురు పుంటి. దాన్ని కంటూ తల్లి పోతే జగత్తారిణే పెంచింది. ఎనిమిదో ఏట పెళ్ళి, ఆ యేడే వైధవ్యం, ఇప్పుడు పదేళ్ళు. మొదటి ఏకాదశి నాడు పుంటి, "పిశీమా, ఒక్క గుక్క. లెక్కలోకి రాదులే, చిన్న గుక్కే" అంది. జగత్తారిణి ఇవ్వలేదు. ఇవ్వలేకపోయిన ఆ సాయంత్రమే ఆ వ్యాసం మొదలుపెట్టింది, ముగించడానికి రెండేళ్ళు పట్టింది. 

*

జ్యేష్ఠమాసం మొదట్లో, ఒక మంగళవారం పొద్దున్న, హరకాంత కోర్టుకి వెళ్ళకుండా చేతిలో పత్రికతో లోపలి వసారాలోకొచ్చాడు. ఆయన మోక్తారు, కోర్టులో చిన్న కేసులు వాదించే ప్లీడరు. కాగితం లేనిదే మాట నమ్మడు, సాక్షి సంతకం లేనిదే కాగితం నమ్మడు. కోడళ్ళిద్దరూ ముసుగు లాక్కుని స్తంభం చాటుకి తప్పుకున్నారు.

"దిదీ, ఇలా రా. మనింటి పరువు కలకత్తాలో అచ్చేసి అమ్ముతున్నారు. విను."

చదివాడు. కోర్టులో అర్జీ చదివినట్టే గట్టిగా చదివాడు. 'ఆ ఇంట్లో పంజరంలో ఒక చిలక ఉంది. ఏకాదశి నాడు కూడా దాని ఇత్తడి గిన్నెలో పొద్దునా సాయంత్రం నీళ్ళు పోస్తారు. పదేళ్ళ విధవ పిల్ల ఆ గిన్నె ముందు కూర్చుంటుంది. తాగదు. చిలక తాగుతుంటే చూస్తుంది. చిలక మింగినప్పుడల్లా తనూ గుటక వేస్తుంది.'

వసారా చివర పంజరంలో చిలక "హరిబోల్" అంది. దాని ఇత్తడి గిన్నె ఎండలో మెరుస్తోంది. ఎవ్వరూ అటు చూడలేదు. అటు చూడకూడదని అందరికీ తెలుసు.

ఆ గిన్నె సంగతి రాయకుండా ఉండాల్సిందని జగత్తారిణి అనుకుంది. వెంటనే, అది తీసేస్తే ఆ వ్యాసంలో మిగిలేదేముంది అని కూడా అనుకుంది. తమ్ముడి నోట తన వాక్యాలు విన్నందుకు లోపల ఎక్కడో చిన్న గర్వం కదిలింది. ఆ గర్వం మీద ఆవిడకి ఒళ్ళు మండింది.

"కింద సంపాదకుడి మాట కూడా విను" అన్నాడు హరకాంత. "'ఇది పురుషుడు రాసినదేనని మా కార్యాలయంలో పలువురు పెద్దలు సందేహిస్తున్నారు. స్త్రీ రాసినదే అయితే ఆమె సంరక్షకుడు ఆ సంగతి స్వహస్తాలతో ధ్రువపరిచి పంపవలెను. అంతవరకు ఆమె మరొక రచన ప్రచురించబడదు.' సంరక్షకుడట! అంటే నేను! నేను రాసివ్వాలట, అవునయ్యా మా ఇంటి ఆడదే మా మొహాన పేడ కొట్టింది అని!"

"హరి హరి. ఎవత్తెకి పుట్టిందిరా ఈ పాడుబుద్ధి" అంది జగత్తారిణి. ఆ అబద్ధం నోట్లోంచి అంత నున్నగా జారడం ఆవిడకే నచ్చలేదు.

"ఎవత్తెదో తేలుస్తాను. ఆదివారం తర్కవాగీశుడి ఇంట్లో కులపెద్దలు కూర్చుంటున్నారు. అప్పటికి తేల్చకపోతే మన చేతి నీళ్ళు ఎవరూ ముట్టరు. తేలినదాన్ని ఈ ఇంట్లో ఉంచను. కోడలైతే పుట్టింటికి, ఇంకెవరైనా అయితే కాశీకి. దాని మొహం మళ్ళీ చూడను."

కాశీకి వెళ్ళడానికి జగత్తారిణికి భయం లేదు. అక్కడ ఆవిడ లాంటి వాళ్ళు వీధికి వందమంది ఉన్నారు. కానీ పుంటి ఇక్కడ మిగిలిపోతుంది. ఏకాదశి నాడు దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, తడి గుడ్డతో నుదురు తుడిచి, "ఇంకో నాలుగు గంటలే, ఇంకో మూడే" అని చెప్పేవాళ్ళెవరు? పెద్దకోడలా?

*

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు తగ్గి చూపులు ఎక్కువయ్యాయి. పెద్దకోడలు అందరి పెట్టెలూ వెతికింది. రెండోకోడలు కిరణశశి పెట్టెలో ఒక పుస్తకం, ఒక పెన్సిలు, కలకత్తాలో చదువుకుంటున్న అన్న రాసిన ఉత్తరాలు దొరికాయి. "చదవడం వచ్చు, రాయడం రాదూ?" అంటూ పెద్దకోడలు వాటిని మామగారి గుమ్మంలో పెట్టించింది.  కిరణశశికి ఇరవయ్యేళ్ళు. మొగుడు కలకత్తాలో గుమాస్తా, దుర్గాపూజ సెలవులకి వస్తాడు.

జగత్తారిణి మాత్రం అందరినీ అనుమానించింది. గోళ్ళు తీసే రోజు కాకపోయినా పాంచీ గురువారం నాడు పెరటి గుమ్మంలో కనిపించింది.

"ఏమే, పిలవకుండానే వచ్చావు?"

"పెద్దకోడలుగారికి గోరు పుచ్చిందని కబురొస్తే వచ్చానమ్మగారూ."

"గోరు కోసమా, నీ నోటి కోసమా?"

పాంచీ కూలబడి చెంపలు వాయించుకుంది. "నా పిల్లల మీద ఒట్టు, నేనేమీ అన్లేదు. చిలక ఎవరింట్లో ఉందే అని బజార్లో అడిగితే, చిలకలు లేని కొంప ఎక్కడుందండీ అన్నాను."

"'హరిబోల్' అనే చిలక?"

"అది మాత్రం మీ ఇంట్లోనే కదమ్మా" అని తల గోక్కుంది పాంచీ. నిజం చెబుతోందో, చెప్పాల్సిన చోట చెప్పేసి వచ్చి ఇప్పుడు ఏడుస్తోందో జగత్తారిణికి అంతుపట్టలేదు. 

అంతకన్నా భయం కిరణశశి అంటే. ఆ పిల్ల రెండుసార్లు చిన్న వంటింటి గడప దగ్గరకొచ్చి నిలబడింది. దాటలేదు. "పిశీమా, కరక్కాయ ముక్కుంటే పెడతారా? వికారంగా ఉంది" అంది. జగత్తారిణి ఎడంగా ఉండి ముక్కని దాని అరచేతిలో పడేసింది. ఆ పిల్ల చూపు మాత్రం అరచేతి మీద లేదు. జగత్తారిణి వేళ్ళ మీద ఉంది, తర్వాత వడియాల కుండ మీద.

"ఏం చూస్తున్నావే?"

"ఏం లేదు. ఎండ బాగా ఉంది కదా, వడియాలు ఇంకా ఎండబెట్టలేదేమా అని."

ఆ మాటలో ఏముందో తెలియక జగత్తారిణి ఆ పగలంతా కుండ పక్కనే కూర్చుంది. ఈ పిల్లకి తెలిసిపోయింది అనుకుంది. తన మీద పడ్డ అనుమానం దులుపుకోవడానికి రేపో ఎల్లుండో నన్ను చూపిస్తుంది. చూపించకపోతే అది పిచ్చిది.

శుక్రవారం తర్కవాగీశుడు వచ్చాడు. కులపెద్దల్లో పెద్ద ఆయన, ఇంటి పురోహితుడు కూడా. దొంగ ఇంట్లోనే ఉన్నప్పుడు దారి ఒకటే అన్నాడు. నిమాయ్ అనే మంత్రగాడు బియ్యం మంత్రించి ఇస్తాడు. ఇంటి ఆడవాళ్ళంతా ఒక్కొక్క పిడికెడు నమిలి ఆకులో ఉమ్మాలి. తప్పు చెయ్యని దాని నోట బియ్యం తడిసి ముద్దవుతుంది. చేసిన దాని నోట తడి పుట్టదు, పొడి పిండే రాలుతుంది. 

స్తంభం వెనక నిలబడి ఆ మాట వింటుంటే జగత్తారిణి నాలుక అప్పుడే ఎండిపోయింది. ఏకాదశిని అంతలేసి మాటలని అచ్చేయించిన మనిషికి మంత్రబియ్యమంటే మాత్రం గుండెల్లో రాయి పడింది. చిన్నప్పుడు ఆ బియ్యంతోనే వెండి గిన్నె దొంగ దొరకడం తను కళ్ళారా చూసింది.

"మంత్రం పారేది శనివారం, మంగళవారం" అని తర్కవాగీశుడు పంచాంగం తిప్పాడు. "శనివారం అంటే రేపు. అయ్యో, రేపు ఏకాదశి."

"మంగళవారం దాకా ఆగలేను" అన్నాడు హరకాంత. "ఎల్లుండే కదా మీ సభ."

"అయితే విధవలు తప్ప. ఏకాదశి నాడు విధవ నోట బియ్యపుగింజ పడితే గోమాంసం తిన్నట్టే. మీ ఇంట్లో విధవలెవరున్నారు? మీ అక్కగారు, ఆ పసిది. వాళ్ళని అనుమానించేవాడెవడు?"

హరకాంత నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. "దిదీనా? దిదీకి పంచాంగం తలకిందులుగా పట్టిచ్చినా తెలీదు."

జగత్తారిణి స్తంభానికి ఆనుకుంది. జన్మలో మొదటిసారి ఏకాదశి వచ్చినందుకు సంతోషించింది. తర్వాత ఆ సంతోషం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసుకుని సిగ్గుతో చచ్చిపోయింది. అయినా అది సంతోషమే, కాదనలేకపోయింది.

*

శనివారం మధ్యాహ్నం ఎండ వసారా సగం దాకా వచ్చింది. నిమాయ్ బియ్యం పళ్ళెం మీద మూడుసార్లు ఊది, లోపలికి పంపి, తను బయటి వాకిట్లో కూర్చున్నాడు. హరకాంత, తర్కవాగీశుడు వసారా మెట్టు మీద పీటలేసుకున్నారు. పెద్దకోడలు, కిరణశశి, వంటమనిషి, ఇద్దరు పనిమనుషులు వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందూ అరిటాకు ముక్క. జగత్తారిణి దూరంగా, పంజరం కింద, గచ్చు మీద చెంప ఆనించి పడుకున్న పుంటి పక్కన కూర్చుంది. పొద్దున్నించీ పిల్ల మాట్లాడ్డం లేదు. పెదాలు తెల్లగా పొక్కిపోయి ఉన్నాయి.

పెద్దకోడలు నమిలింది. తడి ముద్ద. వంటమనిషిది తడి. పనిమనుషులిద్దరిదీ తడే. కిరణశశి పిడికెడు నోట్లో పోసుకుంది. ముసుగులో దవడ కదలడం కనిపించింది. చాలాసేపు కదిలింది. తర్వాత వంగి ఆకులోకి ఉమ్మింది.

పొడి. తెల్లటి పొడి, గాలికి అంచులు కదిలేంత పొడి.

"నేను చెప్పలేదూ!" అంది పెద్దకోడలు, మామగారి ముందు గొంతెత్తకూడదన్న సంగతి మర్చిపోయి.

హరకాంత పీట మీంచి లేచాడు. "ఇవాళే పడవ కట్టించండి. దాని పెట్టె దానితో పంపండి. శీతాకాలంలో అబ్బాయికి వేరే పెళ్ళి చేస్తాను."

"నేను రాయలేదు" అంది కిరణశశి. ఆ ఇంట్లో మామగారికి వినపడేలా అది అన్న మొదటి మాట అదే. 

"అయితే ఎవరు? చెప్పు. తెలిస్తే చెప్పు, నిన్నొదిలేస్తా."

ముసుగు కొంచెం తొలగింది. కిరణశశి తల తిప్పి సూటిగా జగత్తారిణి వంక చూసింది. ఆ చూపు నల్లటి వేళ్ళ మీద ఆగింది.  ఇప్పుడు చెబుతుంది. చెప్పక ఏం చేస్తుంది? మొగుడు పోతున్నాడు, ఇల్లు పోతోంది, ఒక్క పేరు చెబితే అన్నీ మిగుల్తాయి.

కిరణశశి కళ్ళు దించుకుంది. "నాకు తెలీదు" అంది.

తెలుసు. ఎప్పుడో తెలుసు. అందుకే దాని నోరెండింది. దాచిపెట్టే నోటికి తడి ఎక్కణ్ణుంచి వస్తుంది? నాలుగు రోజులుగా తను ఎవరిని పాములా చూసిందో ఆ పిల్లే గడప దగ్గర నిలబడి, కాగితాలు తియ్యి, ఎవరైనా చూస్తారు అని వడియాల పేరు పెట్టి చెప్పి వెళ్ళింది.

ఊరుకోవచ్చు. ఊరుకుంటే పుంటికి తను ఉంటుంది, కుండలో కాగితాలుంటాయి. ఈ పిల్ల వెళ్ళిపోతుంది, నాలుగు నెలలకి ఇల్లు దాన్ని మర్చిపోతుంది. ఇదంతా జగత్తారిణి ఆలోచించింది. ఆలోచించలేదని తర్వాత ఎప్పుడూ అనలేదు. కానీ ఊరుకుంటే, ఆ తర్వాత ఇంకో వాక్యం ఏ మొహంతో రాస్తుంది?

లేచింది. పంజరం దగ్గర్నుంచి పళ్ళెం దాకా పది అడుగులు.

"దిదీ! తాకకు, ఇవాళ ఏకాదశి!"

పిడికెడు తీసి నోట్లో పోసుకుంది. తర్కవాగీశుడు "శివ శివా" అని పీట మీంచి దిగాడు. గింజలు పటపటమనడం అందరికీ వినిపించింది. నమిలి, కిరణశశి ఆకులోనే ఉమ్మింది.

"చూడరా. నాదీ పొడే. నిన్న సాయంత్రం నుంచి చుక్క నీళ్ళు లేని దాని నోట్లో ఇంకేం వస్తుందిరా? మంత్రం దాకా ఎందుకు, రాసింది నేనే."

హరకాంతకి కోపం రాలేదు, జాలి వచ్చింది. "కోడల్ని కాపాడ్డానికి చెబుతున్నావు. కూర్చో దిదీ. ఎండకి తల తిరిగినట్టుంది."

జగత్తారిణి పెరట్లోకి వెళ్ళింది. వడియాల కుండ తెచ్చి వసారాలో బోర్లించింది. వడియాలు నాలుగు వైపులా దొర్లాయి, వాటి మీద అరిటాకు, దాని మీద కాగితాలు. హరకాంత ఒకటి తీసి చూశాడు. మొహంలో రంగు మారింది. 

"ఎవరిచ్చారు నీకివి?"

"నేనే రాశాను."

"ఎవరు రాసిచ్చారు అంటున్నాను. ఏ మగాడు?"

యాభై రెండేళ్ళ మనిషికి నవ్వొచ్చింది. పొడిగొంతులో ఆ నవ్వు దగ్గులా వచ్చింది. "నలభై మూడేళ్ళ నుంచి సూర్యుడు తప్ప ఏ మగాడూ నన్ను సరిగ్గా చూడలేదు. కాగితాలు రాసిచ్చేవాడొకడున్నాడా నాకు? పేరు చెప్పు, నేనూ చూస్తాను."

"దిదీ!"

"కలం తెప్పించు."

తర్కవాగీశుడు ఉత్సాహంగా ముందుకి వంగాడు. "రాయించండి. అసలీ చేత్తో ఏమొస్తుందో చూద్దాం."

హరకాంత తన కలందాను, కాగితం తెప్పించి గచ్చు మీద పెట్టాడు. జగత్తారిణి ఆ కలం పక్కన పెట్టేసి, కుండలో దొరికిన తన రెల్లు కలం తీసుకుంది. వంగి రాసింది. హరకాంత ఆవిడ భుజం మీంచి, తెలియకుండానే పైకి చదివాడు.

"'ఇవాళ జ్యేష్ఠ ఏకాదశి, శనివారం. మా తమ్ముడు హరకాంతకి ఏడో ఏట నాలుగు అక్షరాలు గుర్తుండేవి కావు. పంతులు కొడతాడని ఏడిస్తే నేను పెరట్లో బూడిదలో రాసి చూపించేదాన్ని. తమ్ముడు ఆ సంగతి మర్చిపోయాడు.'"

చదవడం ఆపేశాడు. ఆ బూడిద సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. కాగితం వంక, అక్క చేతి వంక మార్చి మార్చి చూశాడు. పక్కన తర్కవాగీశుడు ఉన్నాడని గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ఇది రేపు సభలో పెట్టాలి" అన్నాడు తర్కవాగీశుడు. "లేకపోతే కోడలి తప్పు కప్పడానికి అక్కగారి నెత్తిన వేశాడు లాహిరి అంటారు. నేనే అంటాను."

ఆ మాట హరకాంతలోని మోక్తారుని లేపింది. కాగితం లాక్కుని, కింద చకచకా రాశాడు. 'పై వాక్యములు నా అక్కగారు శ్రీమతి జగత్తారిణీ దేవి ఎవరి సాయమూ లేక నా కళ్ళ యెదుట స్వహస్తముతో వ్రాసినవి. ఈమెకు సంరక్షకుడను నేనే.' సంతకం చేశాడు. పక్కన తర్కవాగీశుడి చేత సాక్షి సంతకం పెట్టించాడు. ఇసక చల్లి ఆరబెట్టాడు.

"ఇంకో మాట మిగిలింది" అంది జగత్తారిణి. కాగితం మళ్ళీ తన వైపు లాక్కుని, సంతకాల కింద ఒక్క వాక్యం రాసింది.

హరకాంత చదివాడు. "'పుంటికి నీళ్ళిచ్చాను.'" తలెత్తాడు. "ఎప్పుడిచ్చావు?"

"ఇప్పుడు."

కలం కింద పెట్టి లేచింది. చేతికి దగ్గర్లో చిలక గిన్నెలో తప్ప నీళ్ళెక్కడా లేవు. ఏకాదశి నాడు ఆవిడ వంటింట్లో కుండలన్నీ బోర్లించే ఉంటాయి. అప్పుడు వరసలోంచి కిరణశశి లేచింది. ముసుగు సర్దుకోలేదు. పెద్ద వంటింట్లోకి వెళ్ళి, చెంబుతో తిరిగొచ్చి, చెంబుని జగత్తారిణి చేతికే ఇచ్చింది. ఏళ్ళుగా కోడళ్ళ కొంగైనా తగలనివ్వని మనిషి ఆ వేళ్ళని తగలనిచ్చింది.

పుంటిని లేపి కూర్చోబెట్టింది. పిల్ల చెంబు వంక చూసి వెనక్కి జరిగింది. తండ్రి వంక చూసింది, పురోహితుడి వంక చూసింది. తాగుతుంటే పట్టుకుందామని ఇస్తున్నారేమోనని దానికి అనుమానం.

"పాపం కదా పిశీమా?"

"అయితే నా లెక్కలో రాయనీ. నువ్వు తాగు."

"నాన్న చూస్తున్నారు."

హరకాంత చూస్తూనే ఉన్నాడు. వద్దనడానికి చెయ్యి సగం లేచింది. అది అక్కడే ఉండిపోయింది. తర్వాత ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"చూడ్డం లేదు, తాగు" అంది జగత్తారిణి.

పుంటి తాగింది. రెండు చేతులతో చెంబు పట్టుకుని, ఊపిరి కూడా తీసుకోకుండా తాగింది. నీళ్ళు గడ్డం మీంచి కారి ముతక చీర తడిసింది. ఆఖరి చుక్క అయ్యాక చెంబులోకి తొంగి చూసి, "ఇంకా ఉన్నాయా?" అంది. కిరణశశి ఖాళీ చెంబు తీసుకుని మళ్ళీ వెళ్ళింది. ఆ గొడవలో గచ్చు మీద పడిపోయిన కాగితాన్ని వెళ్తూ వెళ్తూ వంగి తీసి కొంగున ముడేసుకుంది. తర్కవాగీశుడు ప్రాయశ్చిత్తాల గురించి గట్టిగా మాట్లాడుతున్నాడు కాబట్టి ఎవరూ చూడలేదు.

*

ఆదివారం సభకి ఆ కాగితం అవసరం పడలేదు, తర్కవాగీశుడి నోరే చాలింది. ఆషాఢం మొదట్లో జగత్తారిణిని, ఏకాదశి చెడిన పుంటిని కుష్టియా దాకా పడవలో, అక్కణ్ణుంచి రైల్లో కాశీకి పంపేశారు. రేవు దాకా ఎవరూ రాలేదు. పుంటి మాత్రం రైలంటే ఎలా ఉంటుందో అని దారంతా అడుగుతూనే ఉంది. కిరణశశి ఇంట్లోనే ఉంది. దాన్ని పంపడానికి ఇప్పుడు ఎవరి దగ్గరా కారణం లేదు. పాంచీ ఆ నెల గోళ్ళు తీయడానికి వచ్చి, ఎప్పటిలాగే పారాణి సీసా కింద, కిరణశశి ఇచ్చినదేదో పెట్టుకుని వెళ్ళింది.

శ్రావణమాసం పత్రిక కోర్టు వరండాలో ఎవరో హరకాంత చేతిలో పెట్టారు. పెట్టినవాడు నవ్వుతున్నాడు. వ్యాసం పేరు 'ఒక చెంబు నీళ్ళు'. కింద ఈసారి పేరుంది, శ్రీమతి జగత్తారిణీ దేవి, కాశీ నుంచి అని. దాని కింద సంపాదకుడి మాట: 'ఈ రచయిత్రి స్త్రీయేనని ఆమె సంరక్షకులు, పాబ్నా మోక్తారు శ్రీ హరకాంత లాహిరి మహాశయులు స్వహస్తాలతో ధ్రువపరిచి, సాక్షి సంతకముతో సహా పంపియున్నారు. స్త్రీవిద్య యెడల వారికి గల ఆదరమునకు మా కృతజ్ఞతలు.'

హరకాంత అది రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవలేక మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంతకం తనది కాదనడానికి వీల్లేదు. తన చేత్తో పెట్టిన సంతకాన్ని ఎవడూ కాదనలేడని కోర్టులో రోజూ నలుగురికీ చెప్పేది ఆయనే.